నేల ఉసిరిని గుర్తుపట్టడం: రెమ్మ తిప్పి చూడాల్సిన మొక్క

తొలకరి పడ్డ కొన్ని వారాలకే పెరట్లో, చేను గట్ల మీద, పూల కుండీల్లో, ఫుట్‌పాత్ పలకల సందుల్లో నేల ఉసిరి మొలుస్తుంది. జానెడు నుంచి మూరెడు ఎత్తు, రెమ్మకు రెండు వైపులా చిన్న చిన్న ఆకులు, రెమ్మ కింద వరుసగా వేలాడే పచ్చటి కాయలు. చిక్కంతా ఇక్కడే ఉంది. ఈ వర్ణనకు సరిపోయే మొక్కలు మన నేల మీద ఐదారు ఉన్నాయి. అన్నీ ఫిల్లాంథస్ ప్రజాతివే, అంటే మనం పచ్చడి పెట్టుకునే పెద్ద ఉసిరికి దగ్గరి చుట్టాలే. ఊళ్లో అన్నింటినీ నేల ఉసిరి అనే పిలుస్తారు. పచ్చకామెర్లకని పీక్కొచ్చే కట్టలో ఇవన్నీ కలగలిసి వస్తాయి.

వీటిలో మన దగ్గర ఎక్కువగా దొరికేది, మందుగా ఎక్కువ పరిశోధన జరిగినది ఫిల్లాంథస్ అమారస్. దీన్ని మిగతావాటి నుంచి విడదీయడం కష్టమేమీ కాదు. కానీ ఆకు చూసి విడదీయలేం. చాలామంది ఆగిపోయేది అక్కడే. ఆకు పొడవు, వెడల్పు, రంగు మొక్క నిలబడ్డ చోటును బట్టి మారిపోతాయి. మారనివి నాలుగు: కొమ్మలు వేసే తీరు, పువ్వు రక్షక పత్రాల సంఖ్య, రెమ్మ మీద ఆడ మగ పువ్వుల అమరిక, గింజ వీపు మీది గీతలు. ఈ నాలుగూ చూస్తే పేరు దాదాపు ఖాయం.

ముందు పేర్ల గందరగోళం

పాత పుస్తకాల్లో, మందుల సీసాల మీద, ఫోన్ యాప్‌లలో నేల ఉసిరికి ఎక్కువగా కనిపించే శాస్త్రీయ నామం ఫిల్లాంథస్ నిరూరి. 1753లో స్వీడన్ వృక్షశాస్త్రజ్ఞుడు లినేయస్ పెట్టిన పేరు అది. అసలైన నిరూరి అమెరికా ఖండాల మొక్క. దానికి నిరూరి, లాథిరాయిడిస్ అని రెండు ఉపజాతులు కూడా ఉన్నాయి. అవి రెండూ అక్కడి మొక్కలే, మన పొలాల్లో మొలిచేవి కావు. 1950ల్లో అమెరికన్ వృక్షశాస్త్రజ్ఞుడు వెబ్‌స్టర్ ఈ ముడి విప్పాడు. ఆ తర్వాత మన దేశపు శాస్త్రజ్ఞులు ఇక్కడి నమూనాలను మళ్లీ పరిశీలించి, భారతీయ గ్రంథాల్లో నిరూరి అని రాసినవి నిజానికి మూడు వేర్వేరు జాతులని తేల్చారు: అమారస్, ఫ్రాటెర్నస్, డెబిలిస్.

కాబట్టి ఎవరైనా ఇది నిరూరి అంటే, ఈ మూడింటిలో ఏదో ఒకటి అయి ఉంటుందని మాత్రమే అనుకోండి. అవి ఒకే జాతికి చెందిన మూడు రకాలో ఉపజాతులో కావు. వేటికవే ప్రత్యేక జాతులు. పొలంలో పక్కపక్కనే మొలిచినా ఏది ఏదో చెప్పవచ్చు.

చేతిలో ఉండాల్సినవి

పది రెట్లు పెద్దగా చూపించే చేతి భూతద్దం చాలు. గింజల దగ్గరికి వచ్చేసరికి ఇరవై రెట్లది ఉంటే పని ఇంకా తేలిక. ఫోన్ కెమెరాకు తగిలించే మాక్రో లెన్స్ కూడా పనికొస్తుంది. ఒక గుండుసూది, మిల్లీమీటర్లు ఉన్న స్కేలు, ఒక తెల్ల కాగితం, ఒక నల్ల కాగితం, చిన్న టార్చి దగ్గర పెట్టుకోండి. పువ్వు లేత పసుపు పచ్చగా ఉంటుంది కాబట్టి నల్ల కాగితం మీద పెడితేనే అంచులు తెలుస్తాయి. గింజను తెల్ల కాగితం మీద చూడాలి.

ఉదయం పూటే వెళ్లండి. సాయంత్రమయ్యేసరికి ఈ మొక్కల ఆకులు ముడుచుకుంటాయి. పీకి సంచిలో వేసుకున్నా కాసేపట్లో అలాగే ముడుచుకుని, పువ్వులు కనిపించవు. మొక్క పూలు, కాయలు రెండూ ఉన్న దశలో ఉండాలి. వానాకాలపు మొక్కకు జులై చివరి నుంచి అక్టోబరు దాకా మంచి సమయం. రోజూ నీళ్లు పడే తోటల్లో ఏడాది పొడవునా దొరుకుతుంది.

ఇది అసలు ఫిల్లాంథసేనా?

కాండం గిల్లి చూడండి. పాలు కారితే అది నేల ఉసిరి కాదు, నానుబాలు జాతి మొక్క. నానుబాలుకు ఆకులు ఎదురెదురుగా జంటలుగా ఉంటాయి. ఫిల్లాంథస్‌లో పాలు రావు, ఆకులు ఒకటి విడిచి ఒకటి వస్తాయి.

రెండో పొరపాటు, రెమ్మను చూసి చింత, అత్తిపత్తి, జీలుగ, వెంపలి మొలకలతో కలిపేయడం. ఆ మొక్కల్లో మనకు రెమ్మలా కనిపించేది నిజానికి చిరు ఆకులుగా చీలిన ఒకే ఆకు. ఆ చిరు ఆకుల మొదట్లో పువ్వులు రావు. నేల ఉసిరిలో అది నిజమైన రెమ్మే. ప్రతి ఆకు మొదట్లోనూ కింది వైపు మొగ్గో, పువ్వో, కాయో ఉంటుంది. రెమ్మను తిప్పి చూస్తే ఒక్క క్షణంలో తేలిపోతుంది.

కొమ్మలు వేసే తీరు

ఇప్పుడు నిలువు కాండాన్ని చూడండి. అమారస్‌లో నిలువు కాండం మీద మామూలు ఆకులు ఉండవు. ఆకు ఉండాల్సిన చోట ఒకటి రెండు మిల్లీమీటర్ల గోధుమరంగు పొలుసు మాత్రమే ఉంటుంది. ఆ పొలుసు పైనుంచి అడ్డంగా ఒక సన్నని రెమ్మ వస్తుంది. పచ్చని ఆకులు, పువ్వులు, కాయలు అన్నీ ఆ రెమ్మల మీదే. రెమ్మ పొడవు సాధారణంగా ఐదు నుంచి పది సెంటీమీటర్లు. ముదిరాక రెమ్మ మొత్తం ఒకేసారి రాలిపోతుంది, కాండం మీద దాని మచ్చ మిగులుతుంది.

డెబిలిస్, ఫ్రాటెర్నస్‌లతో పాటు ఇదే ప్రజాతిలోని యూరినేరియా, టెనెల్లస్ అనే జాతులు కూడా ఇలాగే పెరుగుతాయి. ఈ ప్రజాతిలోనే ఇలా పెరగని జాతులు రెండు: మదరాస్‌పటెన్సిస్, విర్గాటస్. వీటిని ఈ మెట్టులోనే పక్కన పెట్టేయవచ్చు.

మదరాస్‌పటెన్సిస్‌లో నిలువు కాండం మీద కూడా ఆకులు ఉంటాయి, చుట్టూ తిరుగుతూ వస్తాయి. ఆకు మొదట్లో సన్నగా, కొస దగ్గర వెడల్పుగా, కాస్త బూడిద పూసినట్టు కనిపిస్తుంది. మొక్క మొదలు గట్టిపడి పుల్లలా తయారవుతుంది. నల్లరేగడి పొలాల్లో చాలా మామూలు. విర్గాటస్‌లో ఆకులు రెండు వరుసల్లోనే వచ్చినా పొడవుగా, సన్నగా ఉంటాయి. కాయ పొడవైన దారం లాంటి కాడకు వేలాడుతుంది.

ఒక జాగ్రత్త. మొలక దశలో అమారస్ నిలువు కాండం మీద కూడా మొదటి కొన్ని ఆకులు మామూలు ఆకులే. పొలుసులు ఆ తర్వాతే మొదలవుతాయి. మొక్క ఇంకా రెమ్మలు వేయకపోతే ఈ పరీక్ష చేయకండి, పది రోజులాగి రండి.

రక్షక పత్రాలు లెక్కపెట్టడం

అసలు పని ఇక్కడే. వీటి పువ్వుల్లో రంగురంగుల ఆకర్షక పత్రాలు ఉండవు. మనకు పువ్వు రేకుల్లా కనిపించేవి రక్షక పత్రాలే. అమారస్‌లో అవి 5. డెబిలిస్‌లో 6, ఫ్రాటెర్నస్‌లో 6, యూరినేరియాలో 6. మన పొలాల్లో కలగలిసి మొలిచే మొక్కల్ని విడదీయడానికి ఇంతకంటే వేగమైన గుర్తు లేదు.

పువ్వు ఒక మిల్లీమీటరు అటూ ఇటూ ఉంటుంది కాబట్టి నేరుగా పువ్వులో లెక్కపెట్టబోతే కళ్లు మోసం చేస్తాయి. కాయ కింద లెక్కపెట్టండి. ఆడ పువ్వు రక్షక పత్రాలు రాలిపోవు, కాయ అడుగున చిన్న నక్షత్రంలా విప్పుకుని మిగిలిపోతాయి. ముదురు కాయ ఒకటి తీసుకుని, సూదితో కాయను పక్కకు నెట్టి, అడుగు భాగాన్ని భూతద్దంలో చూడండి. ఒక పత్రం మీద సూది మొన ఆనించి, అక్కడి నుంచి చుట్టూ లెక్కపెట్టండి. మొదలుపెట్టిన పత్రాన్ని గుర్తు పెట్టుకోకపోతే ఐదు ఆరవుతుంది, ఆరు ఏడవుతుంది.

ఒక్క పువ్వుతో తీర్పు చెప్పకండి. అమారస్‌లో కూడా అప్పుడప్పుడు ఆరు పత్రాల పువ్వు పూస్తుంది. ఒక్కో మొక్క మీద వేర్వేరు రెమ్మల నుంచి పది కాయలు చూడండి. తొమ్మిదింటిలో 5 వచ్చి ఒకదానిలో 6 వస్తే అది అమారసే. సగం సగం వస్తున్నాయంటే రెండు జాతుల మొక్కలు చేతిలో కలిసిపోయాయని అర్థం, విడదీసి మళ్లీ మొదలుపెట్టండి.

పత్రాల అంచులు కూడా గమనించండి. అమారస్‌లో మధ్యలో ఆకుపచ్చ చార, అంచున సన్నని తెలుపు. ఫ్రాటెర్నస్‌లో తెల్ల అంచు ఇంకా వెడల్పుగా, పలుచగా ఉండడం వల్ల పువ్వే తెల్లగా కనిపిస్తుంది. ఈ ఫ్రాటెర్నస్ సొంత ప్రాంతం వాయవ్య భారతం, పాకిస్తాన్ వైపు.

ఐదు పత్రాలు కనబడగానే అమారస్ అని సంబరపడకూడదు, ఎందుకంటే టెనెల్లస్‌కు కూడా ఐదే. ఇది హిందూ మహాసముద్రంలోని మస్కరీన్ దీవుల నుంచి ప్రపంచమంతా పాకిన మొక్క. నర్సరీ మట్టితో కుండీల్లోకి వస్తుంది. విడదీయడం సులువు. టెనెల్లస్ కాయ కాడ వెంట్రుకంత సన్నగా, నాలుగు మిల్లీమీటర్లకు పైగా పొడవు ఉంటుంది, కాయ ఆకుకు దూరంగా వేలాడుతుంది. అమారస్ కాయ కాడ ఒకటి రెండు మిల్లీమీటర్లే. మగ పువ్వులో టెనెల్లస్‌కు ఐదు కేసరాలు విడివిడిగా ఉంటాయి. అమారస్‌కు మూడే, అవి కూడా ఒకే స్తంభంగా అతుక్కుని ఉంటాయి.

ఆడ పువ్వు ఎక్కడ, మగ పువ్వు ఎక్కడ

ఒకే మొక్క మీద ఆడ, మగ పువ్వులు వేర్వేరుగా పూస్తాయి. అవి రెమ్మ మీద ఎక్కడెక్కడ కూర్చున్నాయో చూస్తే రక్షక పత్రాల లెక్క సరైనదో కాదో కూడా తెలిసిపోతుంది.

అమారస్‌లో కాండానికి దగ్గరగా ఉన్న మొదటి రెండు మూడు ఆకుల దగ్గర మగ పువ్వులు మాత్రమే ఉంటాయి. అక్కడి నుంచి కొస దాకా ప్రతి ఆకు దగ్గరా ఒక మగ, ఒక ఆడ పువ్వు జంటగా ఉంటాయి. ఈ జంట అమారస్‌కు పెద్ద గుర్తు. డెబిలిస్, ఫ్రాటెర్నస్‌లలో జంటలు ఉండవు. కాండం వైపు ఆకుల దగ్గర మగ పువ్వులు గుంపుగా, కొస వైపు ఆకుల దగ్గర ఆడ పువ్వు ఒక్కటే ఒంటరిగా ఉంటుంది. యూరినేరియాలో క్రమం తిరగబడుతుంది. కాండం వైపు ఆడ పువ్వులు, కాయలు. కొసన మగ పువ్వులు.

చాలామందికి ఈ జంట కనిపించకపోవడానికి ఒక కారణం ఉంది. మగ పువ్వు త్వరగా రాలిపోతుంది. ముదిరిన రెమ్మ మధ్యలో చూస్తే కాయ ఒక్కటే మిగిలి ఉంటుంది, అది డెబిలిస్‌లా కనబడుతుంది. మొక్క పైభాగంలోని లేత రెమ్మ తీసుకుని, కొస నుంచి వెనక్కి మూడో నాలుగో ఆకు దగ్గర వెతకండి. ఆడ పువ్వుకు మధ్యలో ఉబ్బెత్తు అండాశయం, దాని మీద రెండుగా చీలిన మూడు కీలాలు ఉంటాయి. మగ పువ్వు ఇంకా చిన్నది, మధ్యలో పసుపు కేసరాలు కనిపిస్తాయి.

కాయ, గింజ

కాయ పైభాగం నున్నగా ఉందా, గరుకుగా ఉందా? అమారస్, డెబిలిస్, ఫ్రాటెర్నస్‌ల కాయలు నున్నగా ఉంటాయి. అమారస్ కాయ అడ్డం రెండు మిల్లీమీటర్లకు అటూ ఇటూ. కాయ మీద గరుకు బుడిపెలు, ఎర్రటి మచ్చలు ఉండి, కాడ దాదాపు లేకుండా రెమ్మకు అతుక్కున్నట్టుంటే అది యూరినేరియా. దాని కాండం ఎర్రగా ఉంటుంది, ఆకు అంచున భూతద్దంలో చిన్న గరుకు నూగు కనిపిస్తుంది. ఎర్ర కాండం ఒక్కటే చూసి యూరినేరియా అనకండి. ఎండలో, గట్టి నేలలో అమారస్ కాండానికి కూడా ఎరుపు వస్తుంది.

చివరి మాట గింజది. ఒక్కో కాయలో మూడు గదులు, గదికి రెండు చొప్పున ఆరు గింజలు. కాయ ఎండితే చిటుక్కున పగిలి గింజల్ని దూరంగా విసిరేస్తుంది, అందుకే నేల మీద వెతికి ఏరడం కుదరదు. ముదురు కాయలున్న రెమ్మలు రెండు మూడు కోసి, కాగితం కవరులో పెట్టి, మూతి మడిచి నీడలో ఉంచండి. ఒకటి రెండు రోజుల్లో గింజలు కవరు అడుక్కు చేరతాయి. ప్లాస్టిక్ కవరు వద్దు, తేమకు బూజు పడుతుంది.

గింజ నారింజ తొన ఆకారంలో, దాదాపు ఒక మిల్లీమీటరు పొడవు ఉంటుంది. రెండు వైపులు చదును, వీపు గుండ్రం. చూడాల్సింది ఆ వీపును. సూది మొనకు కాస్త తడి అంటించి గింజను తిప్పి వీపు పైకి పెట్టండి. టార్చిని నేరుగా పైనుంచి వేస్తే ఏమీ కనిపించదు. పక్క నుంచి, కాగితానికి దాదాపు ఆనించి వెలుగు వేస్తే గీతల నీడలు లేస్తాయి.

అమారస్ గింజ వీపున ఐదారు నిలువు గీతలు, సమానమైన ఎడంతో, తిన్నగా సాగుతాయి. వాటి మధ్య అతి సన్నని అడ్డ గీతలు ఎన్నో ఉంటాయి కానీ ఇరవై రెట్ల భూతద్దంలో కూడా లీలగానే తెలుస్తాయి. యూరినేరియా గింజ మీద గీతలు అడ్డంగా, పన్నెండు పదిహేను దాకా బలంగా ఉంటాయి. పక్క ముఖాల మీద లోతైన గుంటలు కూడా ఉంటాయి. టెనెల్లస్, విర్గాటస్ గింజల మీద గీతలకు బదులు సన్నని బుడిపెలు. మదరాస్‌పటెన్సిస్‌లో చుక్కలు వరుసలు కట్టి ఉంటాయి. అసలైన అమెరికా నిరూరి గింజ మీద కూడా గీతలు ఉండవు, బుడిపెలే. మన పెరటి మొక్క గింజ మీద తిన్నని నిలువు గీతలు కనబడితే అది నిరూరి కాదని చెప్పడానికి అదొక్కటే చాలు.

డెబిలిస్, ఫ్రాటెర్నస్‌లకు కూడా నిలువు గీతలే ఉంటాయి. అందుకే గింజ ఒక్కటే చూసి అమారస్ అని తీర్మానించకూడదు. గింజ పరీక్ష రక్షక పత్రాల లెక్కకు తోడు, దానికి బదులు కాదు. లేత గింజ మీద గీతలు సరిగ్గా ఏర్పడవు. లేత గోధుమ రంగులోకి తిరిగిన గింజల్నే చూడండి.

ఆకు ఎంతవరకు నమ్మాలి

ఆకును పూర్తిగా కొట్టిపారేయనక్కర్లేదు, కానీ ఆఖరున చూడండి. అమారస్ ఆకు ఐదు నుంచి పదకొండు మిల్లీమీటర్ల పొడవు, రెండు అంచులూ దాదాపు సమాంతరం, కొస గుండ్రం, ఆ గుండ్రం మధ్య చిన్న మొన. డెబిలిస్ ఆకు మొదలూ కొసా రెండూ సన్నబడి కోసుగా ఉంటుంది. పక్కపక్కన పెడితే తేడా బాగానే తెలుస్తుంది. విడిగా ఒక్కటే చేతిలో ఉంటే మోసపోతాం.

కాలువ పక్కన నీడలో అమారస్ రెండడుగుల దాకా లేచి, పెద్ద ఆకులతో పలుచగా పరుచుకుంటుంది. అదే జాతి సిమెంటు సందులో నాలుగు వేళ్ల ఎత్తున, ఎర్రబారి, చిన్న ఆకులతో పూసి కాస్తుంది. ఇవి రెండూ వేర్వేరు రకాలని, ఒకటి పెద్ద నేల ఉసిరి, ఇంకోటి చిన్న నేల ఉసిరి అని చెప్పడం తరచు వినిపిస్తుంది. రెండింటి గింజలు తెచ్చి ఒకే మట్టిలో పక్కపక్కన చల్లితే ఒకేలా పెరుగుతాయి. చోటును బట్టి వచ్చిన తేడాను ఉపజాతిగానో రకంగానో పొరబడకుండా ఉండాలంటే ఈ పద్ధతే అన్నిటికంటే నమ్మకమైనది, ఖర్చు కూడా లేదు.

ఫోన్ యాప్‌లు ఈ ప్రజాతి వరకు బాగానే చెబుతాయి. జాతి దగ్గరికి వచ్చేసరికి తడబడతాయి, ఎందుకంటే మనం తీసే ఫొటో పైనుంచి తీసినది, అందులో ఆకులు తప్ప ఏమీ ఉండవు. ఎవరినైనా అడిగేటప్పుడు నాలుగు ఫొటోలు పంపండి: మొక్క మొత్తం, తిప్పిపెట్టిన రెమ్మ, స్కేలు పక్కన కాయ అడుగు, పక్క వెలుగులో గింజ వీపు. మొదటిది ఒక్కటే పంపితే జవాబిచ్చేవారు కూడా ఊహించడమే అవుతుంది.

మందు కోసం సేకరించేవారికి

ఫిల్లాంథిన్, హైపోఫిల్లాంథిన్ అనే పదార్థాలను చూసి నేల ఉసిరి నాణ్యతను అంచనా వేస్తారు. అవి బాగా ఉండేది అమారస్‌లో. యూరినేరియాయో మదరాస్‌పటెన్సిసో కలిసిన కట్టలో ఆ పాళ్లు పడిపోతాయి. 1988లో మద్రాసు వైద్యుల బృందం హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో ఉన్నవారికి అమారస్ పొడి ఇచ్చి, చాలామందిలో వైరస్ గుర్తు పోయిందని లాన్సెట్ పత్రికలో రాసింది. తర్వాత ఇతర చోట్ల చేసిన పరీక్షల్లో అదే ఫలితం రాలేదు. ఏ జాతి మొక్క, ఎక్కడ పెరిగింది, ఏ దశలో కోశారు అన్న ప్రశ్నలు ఆ చర్చలో అప్పటి నుంచీ ఉన్నాయి. పచ్చకామెర్లు కనబడితే ముందు రక్త పరీక్ష చేయించి డాక్టరును కలవాలి. మొక్కను సరిగ్గా గుర్తుపట్టినంత మాత్రాన చికిత్స తెలిసినట్టు కాదు.

కట్టలుగా సేకరించేటప్పుడు ఎండకముందే వేరు చేయాలి. ఎండితే రెమ్మలు రాలి, ఆకులు పొడై, పుల్లలు మాత్రమే మిగులుతాయి, అప్పుడు ఎంత అనుభవం ఉన్నవారైనా జాతి చెప్పలేరు. పచ్చిగా ఉండగా పాలు వచ్చేవాటిని, నిలువు కాండం మీద ఆకులున్నవాటిని, గరుకు కాయలవాటిని తీసేస్తే కల్తీలో పెద్ద భాగం పోతుంది. మిగిలేది అమారస్, డెబిలిస్ మధ్య తేడా. దానికి కట్టకు పది మొక్కలు తీసి కాయ అడుగున లెక్కపెట్టండి.

ప్రతి చోటి నుంచి రెండు మూడు మొక్కల్ని వేళ్లతో సహా తీసి నమూనాగా దాచండి. మట్టి కడిగి, కోసిన అరగంటలోపే పాత దినపత్రికల మధ్య పరచాలి. ఆలస్యమైతే ఆకులు ముడుచుకుని ఇక విప్పుకోవు. ఒకటి రెండు రెమ్మల్ని కింది వైపు పైకి వచ్చేలా తిప్పి పరచండి, లేకపోతే ఎండాక పువ్వులు కాయలు ఆకుల కింద దాగిపోతాయి. మీద బరువు పెట్టి మొదటి మూడు రోజులు రోజూ కాగితాలు మార్చాలి, మార్చకపోతే మొక్క నల్లబడుతుంది. రాలిపోయిన రెమ్మల్ని, గింజల్ని చిన్న కాగితపు పొట్లంలో కట్టి అదే షీటుకు అతికించండి. పక్కన ఊరు, తేదీ, నేల రకం, నీడా ఎండా, మొక్క ఎత్తు, పది కాయల్లో లెక్కించిన రక్షక పత్రాల సంఖ్య రాసి పెట్టండి.